ఆఖెన్‌లో షో జంపింగ్ మొదటిసారి చూడబోతున్నారా? గుర్రం నేల మీద ఉన్నప్పుడు చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారు జర్మనీలోని ఆఖెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నారు. సూర్యాపేట నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, సరిగ్గా సీహెచ్‌ఐఓ గుర్రపు పోటీల వారంలో. "గుర్రాల గురించి మా ముగ్గురికీ ఓనమాలు కూడా తెలియవు. అంత డబ్బు పెట్టి షో జంపింగ్ చూడటం దండగా? వెళ్తే ఏ రోజు వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, అసలు ఏం చూడాలి? ఆదివారం గ్రాండ్ ప్రీకి టికెట్లు దొరకడం లేదు, టెన్షన్‌గా ఉంది. నాన్నకు మోకాళ్ళ నొప్పులు కూడా."

దండగ కాదు, వెళ్ళండి. ఆదివారం దొరకలేదని దిగులు పడకండి, మొదటిసారి చూసేవాళ్ళకు నేను ఆదివారం చెప్పను. గురువారం సాయంత్రం దేశాల జట్ల మధ్య జరిగే నేషన్స్ కప్‌కు వెళ్ళండి. పోటీ మొదలవడానికి గంటన్నర ముందే అక్కడ ఉండండి. చూసేటప్పుడు గుర్రం గాల్లోకి లేచిన క్షణం మీద కన్నువేయకండి. ఒక ఫెన్స్ (కర్రలు పేర్చి కట్టిన అడ్డంకి) దిగి ఇంకో ఫెన్స్ దగ్గరికి వచ్చేలోపు నేల మీద ఏం జరిగిందో చూడండి. కర్ర పడటమా పడకపోవడమా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఈ ఒక్క ముక్క నాకు ఎవరైనా మొదటి ఏడాదే చెప్పి ఉంటే బాగుండేది.

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నేనేమీ పెద్ద రౌతును కాదు. 2009లో నిజామాబాద్ నుంచి ఇక్కడికే చదువుకోడానికి వచ్చాను. ఆ మరుసటి వేసవిలో చేతిఖర్చుల కోసం ఈ పోటీల్లోనే ఒక కాఫీ స్టాల్‌లో పనిచేశాను. అప్పటి నుంచి ఊళ్ళో ఉన్న ఏ ఏడాదీ మానలేదు. ముప్పై మూడేళ్ళ వయసులో పక్క ఊరి రైడింగ్ క్లబ్‌లో చేరి స్వారీ నేర్చుకున్నాను. ఇప్పటికీ 80 సెంటీమీటర్లు దాటి దూకింది లేదు. కానీ మా క్లబ్బు చిన్న పోటీలు పెట్టుకున్నప్పుడల్లా పడిపోయిన కర్రలు ఎత్తి మళ్ళీ పెట్టే డ్యూటీ నాదే. కర్ర ఎందుకు పడిందో రెండు గజాల దూరం నుంచి కొన్ని వందల సార్లు చూశాను. నా అర్హత అంతే.

మొదట ఒక అపోహ తీసేయాలి. మన దగ్గర గుర్రం పోటీ అనగానే మలక్‌పేట రేసులు గుర్తొస్తాయి. ఇది అది కాదు. ఇక్కడ గుర్రాలు ఒకదానితో ఒకటి పరుగు పెట్టవు. ఒక్కొక్క గుర్రమే వస్తుంది, వరసలో పన్నెండో పదమూడో ఫెన్స్‌లు దాటి వెళ్తుంది. కొన్ని జంటగానో మూడు కలిపో ఉంటాయి కాబట్టి మొత్తం దూకుళ్ళు పదిహేను దాకా వస్తాయి. కర్ర పడితే నాలుగు ఫాల్ట్‌లు. గుర్రం మొరాయించి ఆగిపోతే నాలుగు, రెండోసారి ఆగితే పోటీ నుంచి అవుట్. కింద పడితే నేరుగా అవుట్. పెట్టిన టైము దాటితే దానికి వేరే ఫాల్ట్‌లు. ఏమీ లేకుండా వస్తే క్లియర్ రౌండ్. క్లియర్‌గా వచ్చినవాళ్ళు ఒకరికంటే ఎక్కువ ఉంటే తక్కువ ఫెన్స్‌లతో జంప్-ఆఫ్, అక్కడ మాత్రం గడియారంతో పందెం. మీ అమ్మగారికి బస్సులో చెప్పడానికి ఈ మాత్రం చాలు. మిగతా రూల్స్ తెలియకపోయినా ఏమీ నష్టం లేదు.

ఎత్తు సంగతి టీవీలో తెలియదు. పై స్థాయి పోటీల్లో ఫెన్స్ 1.60 మీటర్ల దాకా ఉంటుంది. నేను అయిదడుగుల రెండంగుళాలు. అంటే ఆ పై కర్ర అంచు నా తల కంటే ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తుకు తోడు ఆక్సర్ అనే ఫెన్స్‌కు వెడల్పు కూడా ఉంటుంది, ముందొక కర్ర, వెనకొక కర్ర. ఆరు వందల కిలోల జంతువు వీపు మీద మనిషిని పెట్టుకుని దాన్ని దాటుతుంది. ఇంకో విషయం: గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. ముక్కుకు సూటిగా, మరీ దగ్గరగా ఉన్నది దానికి కనిపించదు. కాళ్ళు లేపే సమయానికి ఫెన్స్ దాని చూపులోంచి మాయమైపోతుంది. అంతకుముందు చూసిన దాన్ని గుర్తుపెట్టుకుని, మీద కూర్చున్న మనిషిని నమ్మి దూకుతుంది. ఇది తెలిశాక నేను ఈ ఆటను చూసే పద్ధతే మారిపోయింది.

ఇక అసలు విషయం, దూరాలు.

కాఫీ స్టాల్ ఏడాది నాకు దొరికిన విరామాల్లో నిలబడే చోటు నుంచి చూసేదాన్ని. కర్ర పడితే "అయ్యో", పడకపోతే చప్పట్లు, అంతే నాకు అర్థమైంది. పక్కనే ఒక ముసలాయన, చేతిలో పాత బైనాక్యులర్స్, నోటితో ఏదో లెక్కపెడుతున్నాడు. ఐన్స్, ట్స్వై, డ్రై... కొన్నిసార్లు గుర్రం ఇంకా ఫెన్స్ దగ్గరికి రాకముందే తల అడ్డంగా ఊపేవాడు, ఆ వెంటనే కర్ర పడేది. జాతకం చెప్పినట్టుండేది. ఎలా తెలుస్తోందని నా వచ్చీరాని జర్మన్‌లో అడిగితే, అడుగులు లెక్కపెట్టమన్నాడు.

ఆ లెక్క చెప్తాను. పెద్ద గుర్రం దౌడులో ఒక అంగకు సుమారు 3.65 మీటర్లు వేస్తుంది. ఫెన్స్ దిగినప్పుడు సగం అంగ, తర్వాతి ఫెన్స్‌కు లేచేటప్పుడు సగం అంగ పోతుంది. కాబట్టి రెండు ఫెన్స్‌ల మధ్య 22 మీటర్లుంటే హాయిగా ఐదు అంగలు, 25న్నర ఉంటే ఆరు. మరి కోర్సు, అంటే ఫెన్స్‌ల వరస, వాటి మధ్య దారి వేసినాయన 24 పెడితే? ఐదు సాగదీసి వేయాలా, ఆరు కుదించి వేయాలా? సాగదీస్తే గుర్రం నేలబారుగా, వేగంగా వచ్చి ముందుకాళ్ళతో కర్రను తన్నవచ్చు. కుదిస్తే ఊపు చచ్చిపోయి వెనకాల కర్ర తగలవచ్చు, టైము కూడా పోతుంది. పొడవాటి అంగ వేసే గుర్రానికి ఒక జవాబు, పొట్టి అంగ గుర్రానికి ఇంకో జవాబు. ఆఖెన్‌లో చాలా ఏళ్ళుగా కోర్సు వేసింది ఫ్రాంక్ రోథెన్‌బెర్గర్. ఆయన వేసిన కోర్సులో అడ్డంకి కర్రలో కాదు, ఇలాంటి అర మీటరు తేడాల్లో ఉంటుందని రైడర్లను చూస్తేనే తెలిసిపోతుంది.

అందుకే గంటన్నర ముందు వెళ్ళమన్నాను. పోటీకి ముందు రైడర్లు గుర్రాలు లేకుండా, బూట్లతో నడుచుకుంటూ మైదానంలోకి వస్తారు. కోర్సు నడక అంటారు. అప్పుడు చాలామంది ప్రేక్షకులు సాసేజ్ క్యూలో ఉంటారు, మీరు మాత్రం సీట్లో ఉండండి. లక్షల యూరోల గుర్రాలు ఎక్కేవాళ్ళు పొలం గట్టు కొలిచే రైతుల్లా ఒక ఫెన్స్ నుంచి ఇంకో ఫెన్స్‌కు అడుగులేస్తూ పోతుంటారు. వాళ్ళ నాలుగడుగులు గుర్రం ఒక అంగ. ఎక్కడ ఒకసారి కొలిచి ఊరుకున్నారో, ఎక్కడ వెనక్కి వచ్చి మళ్ళీ కొలిచారో, ఎక్కడ ఇద్దరు ముగ్గురు గుమిగూడి చేతులతో మలుపులు గీస్తున్నారో చూడండి. రెండోసారి కొలిచిన చోటును గుర్తుపెట్టుకోండి. ఆ సాయంత్రం కర్రలు పడేది ఎక్కువగా అక్కడే. మా ఇంటికి వచ్చిన చుట్టాలతో నేను ఇదే పందెం కడతాను, ఐస్‌క్రీమ్ పందెం. ఇప్పటిదాకా నేనే ఎక్కువ తిన్నాను.

కొన్ని చోట్లు ప్రతి ఏడాదీ ప్రమాదమే. ఒకటి నీళ్ళు. నీళ్ళ మడుగును దాటడానికి గుర్రం బాగా సాగి, వేగంగా దూకాలి. మడుగు అవతలి అంచున తెల్ల పట్టీ ఉంటుంది, దాని మీద మెత్తని మైనం లాంటి పూత. డెక్క గుర్తు దాని మీద పడిందా, నాలుగు ఫాల్ట్‌లు. పక్కనే జెండాతో ఒక జడ్జి నిలబడి ఉంటారు. నీళ్ళ తర్వాత నాలుగైదు అంగల్లో సన్నటి కర్రలతో నిలువుగా ఒక ఫెన్స్ పెడతారు, అదీ కిటుకు. ఇప్పటిదాకా సాగిన గుర్రాన్ని నాలుగు అంగల్లో మళ్ళీ దగ్గరికి తీసుకుని, బంతిలా పైకి లేపాలి. తీసుకోలేకపోతే ఠంగుమని కర్ర. జనం నీళ్ళు దాటగానే ఊపిరి వదిలేస్తారు, నేనైతే అప్పుడే బిగబడతాను.

రెండోది, మూడు ఫెన్స్‌లు వరసగా ఉండే కాంబినేషన్. మధ్యలో ఒకటో రెండో అంగలకే చోటు. మొదటి దాన్లోకి తప్పుగా వస్తే సరిదిద్దుకునే సమయం లేదు, ఆ తప్పు రెండోదానికి పెరిగి మూడోదాని దగ్గర బయటపడుతుంది. మూడోదాని కర్ర పడిందని స్కోరు బోర్డు చెప్తుంది. తప్పు జరిగింది మొదటిదానికి ముందు మలుపులో. ఆ మలుపు చూశారంటే మీరు కూడా ఆ ముసలాయనలాగా తల ఊపొచ్చు.

మూడోది చివరి ఫెన్స్. దీనికి పెద్ద శాస్త్రమేమీ లేదు, మనిషి మనసు ముందే గేటు దగ్గరికి వెళ్ళిపోతుంది.

గురువారమే ఎందుకు అంటే, నేషన్స్ కప్‌లో ఒక దేశానికి నలుగురు రైడర్లు. ప్రతి రౌండ్‌లో మంచి మూడు స్కోర్లే లెక్కలోకి వస్తాయి, నాలుగోది వదిలేస్తారు. ఆట రెండు రౌండ్లు, రెండింట్లోనూ అదే కోర్సు. కొత్తవాళ్ళకు ఇంతకంటే మంచి బడి లేదు. మొదటి రౌండ్‌లో మీరు కోర్సు నేర్చుకుంటారు, రెండో రౌండ్‌కు మీరే పండితులు. దానికితోడు దేశాల గొడవ. ఐర్లాండ్ వాళ్ళ ఆకుపచ్చ కోటు, ఫ్రాన్స్ వాళ్ళ నీలం, జర్మనీ ఎరుపు. ఎవరి వైపు ఉండాలో మీ అమ్మగారు ఐదు నిమిషాల్లో తేల్చేసుకుంటారు. జట్టులో మొదటి ఇద్దరూ కర్రలు పడేస్తే చివరివాడి మీద పడే బరువు, క్రికెట్ చూసి పెరిగిన మనకు ఎవరూ వివరించక్కర్లేదు. చీకటి పడ్డాక లైట్ల కింద పచ్చిక మీద ఆ రంగులు చూడటానికి కూడా బాగుంటాయి. ఇక్కడి మైదానం ఇసుక కాదు, పచ్చిక. అదీ చాలా పెద్దది, నలభై వేల మంది పట్టే స్టేడియం మధ్యలో. ఇంత స్థలం ఉంది కాబట్టే కోర్సు వేసేవాళ్ళు పొడుగాటి దౌడులు పెట్టగలుగుతారు. చలికాలంలో హాళ్ళలో జరిగే పోటీల్లో అలా కుదరదు, అక్కడ అంతా మలుపుల మీద మలుపులు.

మరి ఆదివారం సంగతి? గ్రాండ్ ప్రీ గొప్పదే, కాదనను. జెనీవా, కెనడాలోని స్ప్రూస్ మెడోస్, నెదర్లాండ్స్‌లోని డచ్ మాస్టర్స్‌తో కలిపి నాలుగు పోటీల గ్రాండ్ స్లామ్‌లో ఇదొకటి. వరసగా మూడు గెలిచినవాడు ఇప్పటికి ఒక్కడే, స్కాట్లాండ్‌కు చెందిన స్కాట్ బ్రాష్, 2015లో హలో సాంక్టోస్ అనే గుర్రంతో. అప్పటికి డచ్ మాస్టర్స్ ఇందులో లేదు. ఆఖెన్ ఆదివారం రెండు రౌండ్లు, తర్వాత జంప్-ఆఫ్. కానీ మొదటి రౌండ్‌లోనే నలభై గుర్రాలు వస్తాయి. దేన్ని చూడాలో తెలియనివాళ్ళకు పదిహేనో గుర్రం దగ్గర ఆవలింతలు మొదలవుతాయి. నా తమ్ముడిని ఒకసారి నేరుగా ఆదివారం తీసుకెళ్ళి నేనే చెడగొట్టాను. ఇరవయ్యో గుర్రానికి ఫోన్‌లో స్కోరు చూసుకుంటున్నాడు, అదీ క్రికెట్ స్కోరు. పైగా ఆ టికెట్లు నేను కంగారులో ఒక రీసేల్ సైటులో రెట్టింపు ధరకు కొన్నవి. మీరు ఆ పని చేయకండి. దొరకకపోతే ఇంట్లో క్లిప్‌మైహార్స్ అనే గుర్రపు పోటీల వీడియో సైటులో చూడొచ్చు. నిజానికి గురువారానికి ముందు ఒక సాయంత్రం అందులో ఏదైనా ఒక పాత జంప్-ఆఫ్ చూసి వెళ్తే ఇంకా మంచిది.

ఆదివారమే బాగా పండిన సందర్భం కూడా నాకుంది. 2018లో మా నాన్న వచ్చారు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊరి పటేల్ దగ్గర గుర్రం ఉండేదట, కాబట్టి తనకు అన్నీ తెలుసు. వచ్చిన దగ్గర్నుంచీ "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అని సామెత చెప్తూనే ఉన్నారు. జర్మన్ రైడర్ మార్కస్ ఎనింగ్ వచ్చాడు, ప్రెట్ ఆ టూ అనే గుర్రం మీద. ఎనింగ్ స్వారీలో ఏమీ కనిపించదు. చేతులు కదలవు, కాళ్ళు ఊగవు, గుర్రం తనంతట తనే వెళ్తున్నట్టుంటుంది. నాన్న కాసేపు చూసి "ఈయనేంటమ్మా, ఊరికే కూర్చున్నాడు" అన్నారు. ఆ రోజు గెలిచింది ఆయనే. మళ్ళీ 2023లో స్టార్‌గోల్డ్ అనే గుర్రంతో కూడా ఆయనే. ఈ స్థాయిలో మా నాన్న సామెత తిరగబడుతుంది. రౌతు ఎంత మెత్తనైతే గుర్రం అంత బాగా పోతుంది. కళ్ళెం పట్టి లాగుతున్నట్టు, నడుముతో తోస్తున్నట్టు మీకు స్పష్టంగా కనిపిస్తోందంటే అక్కడ ఏదో సర్దుబాటు జరుగుతోందని అర్థం. చూడటానికి విసుగ్గా ఉన్న రౌండే మంచి రౌండ్.

టికెట్లు, సీట్ల గురించి. వారం మొదట్లో పగటిపూట పోటీలకు ధర తక్కువ, జనం పలచగా ఉంటారు. విద్యార్థిగా మీరు ఒక్కరే అయితే బుధవారం పగలు నిలబడే టికెట్‌తో వెళ్ళి తిరగమనేదాన్ని. అమ్మానాన్నలతో కాబట్టి కూర్చునేదే తీసుకోండి. మరీ కింద వరసలు వద్దు. గుర్రం దగ్గరగా కనిపిస్తుంది గానీ దూరాలు కనిపించవు, అవతలి సగం అంతా కర్రల అడవిలా ఉంటుంది. సగం ఎత్తు పైన కూర్చుంటే కోర్సంతా మ్యాపులా కనిపిస్తుంది, మలుపులు తెలుస్తాయి. వీలైతే పైకప్పు ఉన్న వైపు తీసుకోండి. ఇది ఆఖెన్, ఇక్కడి వాన గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

వాన అంటే గుర్తొచ్చింది: గొడుగు వద్దు, రెయిన్‌కోటు తీసుకెళ్ళండి. నా రెండో ఏడాది, మైదానం పక్కనే నిలబడి, సరిగ్గా ఒక గుర్రం మా వైపు మలుపు తిరుగుతుండగా టప్పున గొడుగు తెరిచాను. గుర్రం ఉలిక్కిపడి పక్కకు జరిగింది, అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. నా చుట్టూ ఉన్న ముప్పై మంది జర్మన్లు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఫ్లాష్ కూడా ఆపేయండి. గుర్రం కోర్సులో ఉండగా లేచి తిరగొద్దు, అది బయటికి వెళ్ళాక, తర్వాతిది మొదలుపెట్టేలోపు కదలండి. గంట మోగాక రైడర్‌కు మొదలుపెట్టడానికి 45 సెకన్లు టైముంటుంది, ఆలోపు కూర్చోవచ్చు. చప్పట్లు చివరి ఫెన్స్ దాటాకే. పోటీ మధ్యలో స్టేడియం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే గుర్రం ఊపిరి, డెక్కల చప్పుడు, కర్రకు కాలు రాసుకున్న "టక్" కూడా వినిపిస్తుంది. కర్ర కదిలి, ఊగి, పడకుండా ఆగిపోతే నలభై వేల మంది ఒక్కసారి ఊపిరి వదిలిన శబ్దం వస్తుంది. టీవీలో అది రాదు.

సీట్లోకి వెళ్ళే ముందు ఒక పావుగంట వార్మప్ మైదానం దగ్గర ఆగండి. అక్కడ ఒక నిలువు ఫెన్స్, ఒక ఆక్సర్ మాత్రమే ఉంటాయి. కోచ్ కర్రను రెండు రంధ్రాలు పైకి, ఒకటి కిందికి మారుస్తూ ఉంటాడు. ఇక్కడ అంతా మామూలు మనుషుల్లా ఉంటారు. గుర్రాన్ని కడిగి, నడిపించి, జీను బిగించే గ్రూమ్‌లు బకెట్లతో హడావిడిగా తిరుగుతుంటారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. మీ నాన్నగారికి గుర్రాల లాడాలు చూపించండి. పచ్చిక మీద కాలు జారకుండా లాడాలకు మరలతో చిన్న ఇనప మొనలు బిగిస్తారు, నేల తడిగా ఉంటే పెద్దవి, గట్టిగా ఉంటే చిన్నవి. మా నాన్నకు పోటీ కంటే ఇదే ఎక్కువ నచ్చింది. ఎడ్లకు నాడాలు కొట్టడం చూసినవాళ్ళకు అది వెంటనే అర్థమవుతుంది.

అమ్మగారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, మా అమ్మ కూడా అడిగింది: "పాపం, దానికి దెబ్బ తగలదా?" నిజాయితీగా చెప్తాను. కర్రలు గట్టిగా బిగించి ఉండవు. లోతులేని చిన్న గిన్నెల్లాంటి ఆధారాల మీద ఊరికే ఆనించి ఉంటాయి, తగిలితే దొర్లిపోతాయి. ఆక్సర్ వెనక కర్ర కింద ఉండే ఆధారం గట్టిగా తగిలితే ఊడి వచ్చేస్తుంది, గుర్రం దాని మీద పడినా చిక్కుకోకుండా. కొరడాను అతిగా వాడితే శిక్ష ఉంటుంది. పోటీకి ముందు పశువైద్యులు గుర్రాన్ని పరుగెత్తించి కుంటుతోందేమో చూస్తారు. ఇన్ని ఉన్నా గాయాలు అవుతాయి. ఈ ఆట మీద విమర్శలూ ఉన్నాయి, అన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. నేను చేసేదేమిటంటే, గుర్రం చెవులు చూస్తాను. ఫెన్స్ వైపు ముందుకు నిక్కి ఉంటే అది ఆ పనిలో ఉంది. చెవులు వెనక్కి అతుక్కుపోయి, తోక గిరగిర తిప్పుతుంటే దానికి ఏదో ఇబ్బందిగా ఉంది. ఒక రైడర్ అలాంటి గుర్రాన్ని మధ్యలోనే ఆపి, టోపీ తాకి జడ్జీలకు నమస్కారం పెట్టి, నడిపించుకుంటూ బయటికి వెళ్ళిపోతే జనం చప్పట్లు కొడతారు. మీరూ కొట్టండి.

"మనవాళ్ళు ఎవరూ లేరా?" ఇది నాన్నల ప్రశ్న. షో జంపింగ్‌లో ఈ స్థాయిలో మనవాళ్ళు కనిపించడం అరుదు. కానీ గుర్రపు స్వారీ మొత్తంలో చూస్తే ఖాళీ చేతులేమీ కాదు. ఫవాద్ మీర్జా 2018 ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్‌లో (డ్రెస్సాజ్, ఆరుబయలు దౌడు, జంపింగ్ మూడూ కలిసిన పోటీ) రజతం తెచ్చాడు, టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచాడు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ (గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ) జట్టుకు స్వర్ణం వచ్చింది. ఆ జట్టులోని అనూష్ అగర్వల్లా ప్యారిస్ ఒలింపిక్స్‌కు కూడా వెళ్ళాడు. మీర్జా, అగర్వల్లా ఇద్దరూ సాధన చేసింది ఈ జర్మనీలోనే. హైదరాబాద్‌లోని నేషనల్ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ ట్రైనీలకు గుర్రపు స్వారీ నేర్పుతారని కూడా చెప్పండి, మా నాన్న ఆ మాట మీద అరగంట మాట్లాడారు.

సీహెచ్‌ఐఓ అంటే జంపింగ్ ఒక్కటే కాదు. డ్రెస్సాజ్, ఈవెంటింగ్, బండ్ల పోటీ, కదిలే గుర్రం వీపు మీద జిమ్నాస్టిక్స్ చేసే వోల్టింగ్ కూడా ఇక్కడే ఉంటాయి. అమ్మానాన్నలకు ఇంకో రోజు ఓపిక ఉంటే నాలుగు గుర్రాల బండ్ల పోటీ చూపించండి. నీళ్ళలోంచి, చెట్ల మధ్యలోంచి బండి దూసుకుపోతుంటే వెనక నిలబడ్డ మనిషి పక్కకు వేలాడుతూ బండి ఒరిగిపోకుండా ఆపుతుంటాడు. దానికి ఏ వివరణా అక్కర్లేదు. డ్రెస్సాజ్ మాత్రం మొదటిసారికే వద్దు, అది నాకే మూడేళ్ళు పట్టింది.

తిండి: స్టాల్స్‌లో మాంసం ఎక్కువ. శాకాహారులైతే రైబెకూఖెన్ వెతకండి, బంగాళదుంప తురుముతో నూనెలో కాల్చిన అట్టు, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. అమ్మగారు పచ్చడి ఉంటే బాగుండు అంటారు. చిన్న డబ్బాలో పులిహోర పట్టుకెళ్ళాలనుకుంటే బ్యాగు నిబంధనలు ముందే చూసుకోండి. రాత్రి పదకొండింటికి చలి వేస్తుంది, జూలై అయినా స్వెట్టర్లు ఉండాలి.

రాకపోకలు మీకు తెలిసిందే, టివోలీ ఫుట్‌బాల్ స్టేడియం పక్కనే. కారు వద్దు. పోటీ అయ్యాక అందరూ ఒకేసారి బస్ స్టాప్ మీద పడతారు. బహుమతులు ఇచ్చాక గెలిచిన గుర్రాలు మైదానం చుట్టూ ఒక దౌడు తీస్తాయి, అది చూసి, ఇంకో ఇరవై నిమిషాలు స్టాల్స్ దగ్గర గడిపి బయల్దేరితే బస్సులో సీటు దొరుకుతుంది.

ఒకవేళ చివరి నిమిషంలో ఎవరైనా మానుకుని, మామూలు ధరకే మీకు ఆదివారం టికెట్లు కూడా వస్తే, జేబులో ముగ్గురికీ తలో తెల్ల రుమాలు పెట్టుకోండి. గ్రాండ్ ప్రీ అయిపోయాక అన్ని దేశాల రైడర్లు, గుర్రాలు మైదానంలోకి వస్తారు. ఊరు విడిచి వెళ్ళేటప్పుడు పాడే ఒక పాత జానపద గీతాన్ని బ్యాండు వాయిస్తుంది, స్టేడియంలో అందరూ తెల్ల రుమాళ్ళు ఊపుతారు. మా నాన్న దగ్గర రుమాలు లేక కండువా ఊపారు. పక్కావిడ దాన్ని ఫోటో తీసుకుంది.

ఇక మోకాళ్ళు. స్టేడియంలో మెట్లు ఉంటాయి, నడక కూడా తక్కువేమీ కాదు. టికెట్ కొనేటప్పుడు వరస చివర, దారి పక్క సీటు ఎంచుకోండి. నేను చెప్పిన సగం ఎత్తు ఆయనకు కష్టమైతే ఇంకో నాలుగు వరసలు కిందికి దిగండి, ఫరవాలేదు. మొదటి రౌండ్‌కీ రెండో రౌండ్‌కీ మధ్య విరామం ఉంటుంది, అప్పుడు ఆయన్ని సీట్లోనే కూర్చోబెట్టి అట్లు మీరు తెచ్చిపెట్టండి. క్యూ పెద్దది, రెండో రౌండ్ మొదటి గుర్రానికి ఆలస్యం కాకుండా మొదటి రౌండ్ ఆఖరి రైడర్ ఇంకా కోర్సులోకి రాకముందే లేవండి.